మా వదిన అడిగే వరస

పోయిన వారం కంటి పరీక్షకని మా అబ్బాయి నన్ను తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. కారు నిలపడానికి చోటు వెతుక్కుంటూ వాడు వెనకబడిపోతే, నేనొక్కదాన్నే మెల్లగా లోపలికి వెళ్లాను. గుమ్మం పక్కన మనిషెత్తున నిలబెట్టిన తెర ఒకటి ఉంది. వేలితో తాకగానే చక్కని ఆడగొంతుతో, తెలుగులో, మొట్టమొదట మీది ఏ ఊరు అని అడిగింది. తర్వాత తోడు ఎవరొచ్చారంది, ఆ తర్వాత రెండు కళ్ల బొమ్మ చూపించి ఏ కన్ను ఇబ్బంది పెడుతోందో ముట్టుకోమంది, అన్నీ అయ్యాకగానీ పేరు అడగలేదు. పక్కన నిలబడ్డ యూనిఫారం పిల్ల, చదువు రానివాళ్లకు కూడా ఎంత సులువో చూశారా అమ్మా, అని మురిసిపోయింది. నా వయసు వాళ్లు ఎవరైనా సంతోషించాల్సిన చోట నేను మాత్రం ముఖం తిప్పుకున్నాను. ఆ ప్రశ్నల వరస ఎవరిదో నాకు తెలుసు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఈర్ష్య వయసుతోపాటు తగ్గుతుందంటారు. నాకు చూపు తగ్గింది, వినికిడి తగ్గింది, ఆకలి కూడా తగ్గింది, ఇదొక్కటీ తగ్గలేదు. మీలో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది కనుక సిగ్గు విడిచి చెబుతున్నాను. నా ఈర్ష్య పేరు మా వదిన.

ఎనభైల నడుమ మాట ఇది. లెక్కల్లో డిగ్రీ అయ్యాక నేను మద్రాసులో ఏడాదిపాటు కంప్యూటరు చదువు చదివి తిరుపతికి తిరిగొచ్చాను. ఆ రోజుల్లో మా వీధిలో ఆ మాట సరిగ్గా పలకగలిగినవాళ్లే తక్కువ, అంచేత నేను నడిచి వెళుతుంటే నన్నే ఒక యంత్రంలా చూసేవాళ్లు, నాకు అది బాగానే ఉండేది. మద్రాసులో మాకు నేర్పింది ఏమిటంటే, రంధ్రాలు పొడిచిన అట్టముక్కల్ని వరసగా పేర్చి ఒక కిటికీలో ఇచ్చి రావాలి, మర్నాడు వెళ్లి ఫలితం తెచ్చుకోవాలి, ఒక్క అట్ట తారుమారైనా మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి యంత్రానికి మనిషే ఒదిగి ఉండాలన్నది నాకు వేదవాక్కు. మనిషికి యంత్రం ఒదగాలని అప్పట్లో ఎవరైనా అని ఉంటే వాళ్ల అమాయకత్వానికి నవ్వి ఉండేదాన్ని.

మా వదినది పాకాల దగ్గర పల్లె. పదో తరగతితో ఆగిపోయిన చదువు. ఆవిడ మా ఇంటికి వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు, మొదటి నెలలోనే ఆవిడంటే నాకు ఓర్వలేనితనం మొదలైంది. దానికి కారణం మా నాయన. ఆయన మాటల్లో మహా పిసినారి. పనినుంచి ఆయన రాగానే నేను, ఏమైంది నాయనా ఈ రోజు అని అడిగితే, ఏముండాది అనేసి ఊరుకునేవాడు. వదిన మాత్రం చెంబుతో నీళ్లు అందిస్తూ, ఈ పొద్దు బస్సులో కూర్చునేదానికి చోటు దొరికిందా మామా, అనేది. అంతే, బస్సులో పక్కన కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెట్టి, ఆఫీసులో జరిగింది, దారిలో కనబడింది, చిన్నప్పుడు తను చూసింది అంతా అరగంటసేపు చెప్పుకుపోయేవాడు. నేను పుట్టినప్పటినుంచీ వినని సంగతులు నా ముందే ఆవిడకు చెప్పేవాడు. తలుపు పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు ఒక్క అక్షరం ఎక్కేది కాదు.

వదిన ఊళ్లోనే ఒక ధర్మ కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే పనిలో ఉండేది. పొద్దున్నే వచ్చే రోగుల పేరూ ఊరూ రాసి, ఏ గదికి వెళ్లాలో చెప్పి పంపడం ఆ పని. నా దృష్టిలో అదొక పనే కాదు. కొండకు వచ్చినవాళ్లు పనిలో పనిగా కళ్లు చూపించుకుని పోయేవాళ్లు, పీలేరు, పుత్తూరు, కాళహస్తి పక్కల పల్లెలనుంచి వచ్చేవాళ్లు, పులికాట్ సరస్సు ఒడ్డునుంచి చేపల బుట్టలు మోసి మోసి మెడలు బిగుసుకుపోయిన ఆడవాళ్లు, అందరూ ఆ కిటికీ ముందు నిలబడేవాళ్లు. ఆడవాళ్ల వరసలో ఆవిడను చీటీలమ్మ అనేవాళ్లు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇంట్లో ఉన్న మనిషి గొప్ప నాకు ఆనలేదు.

ఆ ఆసుపత్రికి కంప్యూటరు వచ్చిందంటే అది ఒక మొక్కుబడి వల్ల. మద్రాసు వ్యాపారి ఒకాయన తన తల్లికి అక్కడ చూపు వచ్చిందని, హుండీలో వేయవలసినది వేసి, దానితోపాటు ఆసుపత్రికి ఒక యంత్రం ఇప్పిస్తానని మొక్కుకున్నాడట. ఏసీ పెట్టిన గదిలో దాన్ని దించి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లాలి. దాన్ని నడిపే మనిషి కావలసి వచ్చి పెద్ద డాక్టరు నన్ను పిలిపించాడు. నాలుగు నెలల గడువు పెట్టాడు. రోగుల వివరాలన్నీ యంత్రంలోకి ఎక్కి పని సాఫీగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఎవరి దారి వాళ్లది. ఊళ్లో నాకు తెలిసి మరొకచోట కంప్యూటరు లేదు. అది పోతే నేను ఏదో బళ్లో ఎక్కాలు చెప్పుకోవలసిందే, మద్రాసు చదువంతా గంగపాలు.

రెండు నెలలు కష్టపడి రాశాను. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, అన్నీ ఇంగ్లీషే. మొదట పేరు, తర్వాత తండ్రి లేక భర్త పేరు, వయసు, మగ అయితే ఒకటి, ఆడ అయితే రెండు, కుడికన్ను అయితే మూడు, ఎడమకన్ను అయితే నాలుగు. ఏ గడీ ఖాళీగా వదలడానికి వీల్లేదు, వదిలితే యంత్రం కీచుమని అరిచి అక్కడే ఆగిపోతుంది. ఆ అరుపు పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎవరూ తప్పు చేయకుండా కాపలా పెట్టాననుకున్నాను.

మొదటి రోజు, ఏసీ గదిలోని యంత్రానికి తీగతో కలిపిన తెరను కిటికీ దగ్గర పెట్టుకుని నేనే కూర్చున్నాను. వదిన పక్క కిటికీలో మగవాళ్లకు మామూలుగా చీటీలు రాస్తోంది. నా ముందుకు వచ్చిన మొదటి ఆమె పేరు మునెమ్మ అంది. భర్త పేరు అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ అడిగాను. నవ్వింది. మూడోసారి గట్టిగా అడిగేసరికి, నా నోటితో ఎట్ల చెప్పేది తల్లీ, అని తల వంచేసింది. మీకు తెలియనిది కాదు, మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని ఆ తరం ఆడవాళ్ల నమ్మకం. మా అమ్మా పలికేది కాదు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, గడీలు గీసేటప్పుడు మాత్రం ఆ సంగతి నాకు తట్టనేలేదు. మరి కొందరు కిటికీలోంచి కనబడే కొండవైపు, ఆ సామి పేరేనన్నట్టు, చెయ్యి చూపించి ఊరుకున్నారు. యంత్రం కీచుమంటోంది, నేను ఎదుట నిలబడ్డవాళ్ల మీద అరుస్తున్నాను, వరస గేటు దాకా పెరిగిపోయింది. చివరికి విసుగెత్తి, కొండ చూపించినవాళ్లకూ చూపించనివాళ్లకూ కూడా భర్త పేరు వెంకటేశులు అని కొట్టేశాను. మా ప్రాంతంలో అది ఎలాగూ సగం మంది పేరే కదా అనుకున్నాను.

వారం తిరిగేసరికి యంత్రంలో వెంకటేశులు భార్య మునెమ్మలు ఎంతమంది పోగయ్యారో నాకే తెలియదు. ఒకరోజు పొద్దున ఆపరేషను గది బయట బల్ల మీద ఒక మునెమ్మను కూర్చోబెట్టి, కనుబొమ్మ మీద సిరాతో గుర్తు పెట్టి, రెప్ప వెంట్రుకలు కూడా కత్తిరించారు. వరండాలో పోతున్న వదిన ఆగి చూసింది. నర్సుతో, ఆపరేషను ఈయమ్మకు కాదుమా, ఈమెది పుత్తూరు పక్క, కంట్లో మందు ఏసుకునేదానికి వచ్చినాది, పొర వచ్చిండేది పులికాట్ మునెమ్మకు, ఆయమ్మ ఆడ చెట్టు కింద కూర్చోని ఉండాది సూడు, అంది. యంత్రంలో ఇద్దరూ వెంకటేశులు భార్య మునెమ్మలే కనుక కాగితాలు తారుమారయ్యాయి. వదిన ఆ దారిన పోకపోయి ఉంటే ఒక మంచి కన్ను కత్తి కింద పడేది.

పెద్ద డాక్టరు నన్ను పిలిచి గట్టిగా అరవలేదు, అరిచినా బాగుండేది. ఇంకొక నెల చూస్తాను, లేకపోతే యంత్రానికి గుడ్డ కప్పేద్దాం, చీటీలే నయం, అన్నాడు. ఆ మాట వదిన ఎదుట అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, వదిన నవ్వకపోయినా నవ్విందనే అనుకుని నేను ఆ రోజు అన్నం తినలేదు.

రెండు రోజులు పోయాక వదిన వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"ఏం పాపా, వచ్చీరాంగానే మొగుని పేరు అడిగితే ఎవురు చెప్తారు? ముందు ఊరు అడుగు. ఊరు చెప్పేదానికి ఎవురికీ సిగ్గు ఉండదు."

నాకు ఒళ్లు మండింది. మద్రాసులో ఏడాది చదివినదానికి పదో తరగతి మనిషి చెప్పడమా అనుకున్నాను. అయినా గతిలేక మర్నాడు నోటుపుస్తకం పట్టుకుని ఆవిడ వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా రాశాను. ఆవిడ చేసేది చూస్తే ఏమీ లేదు, రాస్తే పేజీలు నిండాయి. మొదట ఊరు. ఊరు చెప్పగానే, ఆడ వానలు పడినాయా అని ఒక మాట. తర్వాత, ఎవురితో వచ్చినావు. ఆ తోడు వచ్చిన మనిషిని అప్పుడే ముందుకు పిలిచి పక్కన నిలబెట్టేది. తర్వాత కన్ను. ఏ కన్ను అని అడిగేది కాదు, చెయ్యి పెట్టి చూపించమనేది. ఎందుకంటే కుడి ఎడమలు అడిగితే కంగారులో చాలామంది తప్పు చెబుతారట. అది నేను రాసుకుంటుంటే నా మూడు, నాలుగు అంకెలు గుర్తొచ్చాయి.

పేరు ఆ తర్వాతే. అప్పటికి ఆ మనిషి బెదురు పోయి ఉంటుంది. భర్త పేరు అన్నిటికన్నా చివర, అదీ తోడు వచ్చినవాళ్లను అడిగేది. ఒంటరిగా వచ్చినవాళ్లయితే, అడిగి ముఖం పక్కకు తిప్పుకుని కలం కొన సరిచేసుకుంటూ కూర్చునేది. ఆమె కొండవైపు చూస్తే, సామి పేరేనా, అనేది. కొండమీద సామికి పేర్లు ఒకటా రెండా? శీనయ్యా, ఎంకటేశులా, గోవిందయ్యా, ఏడుకొండలా అని వదినే ఒక్కొక్కటీ పలికేది, సరైన దగ్గర ఆమె తల ఊపేది. మొగుడి పేరు వదిన నోట్లోంచి వచ్చింది కనుక ఆమెకు దోషం లేదు. దేనికీ తల ఊపకపోతే అక్కడ గీత గీసి వదిలేసి, తోడు వచ్చినవాళ్ల పేరో, ఇంటి గుర్తో రాసుకునేది. ఇంతా కలిపి నేను ఒక మునెమ్మ మీద అరిచినంత సేపు కూడా పట్టేది కాదు.

నేను ఏసీ గదికి వెళ్లి యంత్రంలో పెట్టిన ప్రశ్నలన్నీ చెరిపేసి మళ్లీ రాశాను. తెర మీద తెలుగు అక్షరాలు పడే కాలం కాదు కనుక, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు ప్రశ్నలు పెట్టాను. ఒక ప్రశ్న పోయాకే ఇంకొకటి వచ్చేట్టు చేశాను. మొదటిది ఏ ఊరు. ఊరు కొట్టగానే ఆ ఊరినుంచి అంతకుముందు వచ్చినవాళ్ల పేర్లన్నీ వరసగా కనబడతాయి, వెతుక్కునే పని లేదు. కన్ను దగ్గర అంకెలు తీసేసి, చుక్కలతో రెండు కళ్లు గీసి, బాణం కదిలిస్తే చాలనేట్టు చేశాను. స్వామివారి పేర్లన్నీ ఒక పట్టీగా పెట్టాను. భర్త పేరు ఖాళీగా వదిలినా యంత్రం అరవదు. ఆ కీచుమనే అరుపు తీసేసినప్పుడు నా ముక్కు కోసినంత పనైంది.

అద్భుతంగా పనిచేసింది. టైపు మాత్రమే వచ్చిన ఒక అమ్మాయిని కూర్చోబెడితే, తెర మీద వచ్చిన మాట వచ్చినట్టు చదువుతూ, మొదటి రోజే వరసను పదకొండు గంటలకల్లా ఖాళీ చేసింది. నేను దగ్గర నిలబడి చూస్తున్నాను. యంత్రంలోంచి వస్తున్నది మా వదిన గొంతే అనిపించింది. నా చదువు, నా నిద్రలేని కళ్లు, నా వేళ్లు, అన్నీ పెట్టి నేను చేసింది ఆవిడను ఆ పెట్టెలోకి ఎక్కించడం. అంత బాగా కుదిరినందుకు సంతోషించకపోగా కుళ్లుకున్నాను. నేను అనుకున్నది పనికిరాలేదు, ఆవిడ అనుకోకుండా చేసేది పనికొచ్చింది.

నెల చివర పెద్ద డాక్టరు, యంత్రం ఇచ్చిన మద్రాసు ఆయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కాసేపు నిలబడి చూశారు. కొండ చూపించిన ఒక ముసలామె దగ్గర టైపు అమ్మాయి స్వామి పేర్లు చదవడం, ఆమె తల ఊపడం చూసి మద్రాసాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ఆలోచన ఎవరిదమ్మా, అని పెద్ద డాక్టరు అడిగాడు. వదిన వెనక బీరువా దగ్గర పాత చీటీలు కట్టలు కడుతోంది. మూడడుగుల దూరం ఉంటుందేమో. నాదే సార్, అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ముందునుంచీ నోట్లోనే పెట్టుకుని ఉన్నట్టు వచ్చింది. వదిన విందో లేదో తెలియదు. తెలుసుకోవడం ఇష్టం లేక తిరిగి చూడలేదు.

నాకు ఉద్యోగం ఖాయమైంది. కానీ ఆ ఒక్క మాటకు ఇంకొక వైపు ఉంటుందని నేను అనుకోలేదు. ఎలా అడగాలో యంత్రానికే తెలిసినప్పుడు చీటీలు రాసే మనిషి ఎందుకని పెద్ద డాక్టరు మర్నాడే అన్నాడు. అది వదిన దగ్గర నేర్చుకున్నదని నేను చెప్పి ఉంటే, ఆవిడను కిటికీ దగ్గరనుంచి కదిపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. చెప్పడానికి నాకు ఆ పూటంతా సమయం ఉంది. చెప్పలేదు. వదినను మేడ మీద దూది మడిచి కట్టుగుడ్డలు కత్తిరించే గదికి పంపించారు. ఆ గదికి కిటికీ ఉంది, కానీ దాని ముందు ఎవరూ నిలబడరు. చీటీలమ్మ యాడికి పోయినాది అని ఆడవాళ్లు చాలా నెలలపాటు అడుగుతూ ఉండేవాళ్లు, టైపు అమ్మాయి మేడమీదికి చెయ్యి చూపించేది. పనినుంచి దిగిపోయేదాకా వదిన ఆ గదిలోనే ఉంది.

నా ఉద్యోగం ఖాయమైన సాయంత్రం ఆవిడ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. మా నాయన నా ఉద్యోగం గురించి ఒక్క మాట అని, ఓళిగల గురించి నాలుగు మాటలు అన్నాడు. చేసిన పాపం చేతిలో ఉండగానే, ఆ నాలుగు మాటలు లెక్కపెట్టుకుని మరీ ఏడ్చాను. నా బుద్ధి అలాంటిది.

ఆ తర్వాత నేను బెంగుళూరు వెళ్లాను, పెద్ద పెద్ద చోట్ల పనిచేశాను, మనుషులకు అర్థమయ్యే తెరలు గీస్తుందని పేరు తెచ్చుకున్నాను. ఎక్కడికి వెళ్లినా నేను చేసింది ఒకటే, అక్కడ ఏళ్లతరబడి ఆ పని చేస్తున్న మనిషి వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చోవడం. ఇదెక్కడ నేర్చుకున్నారని అడిగినవాళ్లందరికీ అనుభవం అని చెప్పాను.

వదినకు కంట్లో పొర వచ్చిన ఏడాది మా అన్న ఊళ్లో లేకపోతే నేనే అదే ఆసుపత్రికి తీసుకువెళ్లాను. యంత్రాలు మారాయి, తెర రంగులు వచ్చాయి, ప్రశ్నల వరస మాత్రం మారలేదు, ఊళ్లో మిగతా ఆసుపత్రులు కూడా దాన్నే పెట్టుకున్నాయి. ఏ ఊరమ్మా, అంది కొత్త అమ్మాయి. ఎవరితో వచ్చారు, అంది. అప్పటి టైపు అమ్మాయి పెద్దదై పక్క గదిలో ఉంది, నన్ను గుర్తుపట్టి పరుగున వచ్చి, ఇదంతా మొదట ఆలోచించింది ఈ మేడమే అని ఆ పిల్లకు గొప్పగా చెప్పింది. నా చేతిలో వదిన చెయ్యి ఉంది. అది బిగుసుకోలేదు, వదులూ కాలేదు.

"అవునుమా," అంది వదిన. "ఆ పొద్దు నేనూ ఆడే ఉండాను. పెద్ద డాక్టరయ్య అడిగినాడు, మా పాప చెప్పినాది. బాగా అడుగుతాది గదా?"

విన్నదన్నమాట. మూడడుగుల దూరంలో నిలబడి విని, ఇంటికి వచ్చి ఓళిగలు చేసిందన్నమాట. ఆ క్షణంలోనైనా నేను నోరు విప్పాల్సింది, ముగ్గురు మనుషులు ఉన్నారు, అందరూ నా వైపే చూస్తున్నారు. ఏ కన్ను వదినా, చూపించు, అన్నాను. చెయ్యి పెట్టి చూపించింది. ఆ తర్వాత ఆవిడ నాలుగేళ్లు బతికింది, ఆ నాలుగేళ్లలో ఆ మాట మా ఇద్దరి మధ్యకు రాలేదు.

ఇప్పుడు ఇదొక పెద్ద చదువైంది, మనిషికి యంత్రం ఎలా ఒదగాలో కాలేజీల్లో ఏళ్లకేళ్లు నేర్పుతున్నారు. గొంతు వినిపిస్తే చాలు, వేలు తగిలితే చాలు, గడీలు లేవు, కీచుమనే అరుపులు లేవు. గేటు దాకా సాగే ఆ వరస లేదు, మొగుడి పేరుకు కొంగు అడ్డం పెట్టుకునే ఆడవాళ్లూ లేరు. ఆ ప్రశ్నల వరస ఎవరి నోట పుట్టిందో అడిగేవాళ్లు కూడా లేరు కనుక, నా పేరే నిలిచిపోతుంది. పెద్ద డాక్టరు అడిగిన ఆ రోజు వదిన ఒక్కసారి, అబద్ధం పాపా అని ఉంటే, నేను పోట్లాడి, ఏడ్చి, ఆ బరువు దించుకుని ఉండేదాన్ని. ఆవిడ అనలేదు. అంత పెద్దది అంత తేలిగ్గా ఇచ్చేసి మళ్లీ తలుచుకోని మనసు ఆవిడకే ఎందుకు ఉండాలి, నాకెందుకు లేకపోయింది అని, ఆవిడ పోయి ఇన్నేళ్లయినా నేను ఇంకా కుళ్లుకుంటూనే ఉన్నాను.